మంచు దారిలో పాత వ్యాను: రిపేర్లతో సాగిన ప్రయాణం డైరీ

బయలుదేరకముందు

మాది పాత డీజిల్ వ్యాను. నాలుగు సిలిండర్ల ఇంజను, మెకానికల్ ఇంజెక్షన్ పంపు. టర్బో లేదు, కంప్యూటరు లేదు. వెనక సీట్లు పీకేసి పడుకోవడానికి ఒక బల్ల, దాని కింద సామాన్లకు అరలు బిగించుకున్నాం. ఈ చలికాలం నేనూ తమ్ముడూ ఆ బండిలోనే మైదానం నుంచి కొండలెక్కి, మంచు పడే ఎత్తులు దాటి, అవతలి వైపు దిగి చుట్టి రావాలనుకున్నాం. చూసిన చోట్ల గురించి ఇందులో పెద్దగా రాయను. బానెట్ కింద ఏం జరిగింది, ఏం కొలిచాం, ఏం మార్చాం అన్నదే రాస్తాను.

పాత బండితో చలిలోకి వెళ్తున్నామంటే చాలామంది ఇచ్చే సలహా ఒకటే, అన్నీ కొత్తవి వేయించెయ్యమని. బ్యాటరీ, సెల్ఫ్, డైనమో, హీటర్ ప్లగ్గులు, హోసులు, అన్నీ. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఖర్చు సంగతి అలా ఉంచండి. బాగున్న భాగాన్ని తీసి పక్కన పడేస్తే అసలు జబ్బు ఎక్కడుందో తెలియకుండానే పోతుంది. కొత్త బ్యాటరీ తన బలంతో కొన్నాళ్లు లోపాన్ని కప్పిపెడుతుంది, ఆ తర్వాత అదే కథ మళ్లీ మొదలవుతుంది. అందుకే ముందు కొలత, తర్వాతే స్పానరు అని నియమం పెట్టుకున్నాం. పనిముట్ల పెట్టెలో అన్నిటికన్నా పైన మల్టీమీటరు ఉంచాం.

ఇంజన్లో ఉన్న 15డబ్ల్యూ-40 ఆయిల్ దింపేసి 5డబ్ల్యూ-40 పోశాం. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత పల్చగా ఉండగలదో చెబుతుంది. 15డబ్ల్యూ రకాన్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూ రకాన్ని మైనస్ 30 దగ్గర, ఇంజను తిప్పడానికి అడ్డుపడకుండా ఉంటుందా లేదా అని పరీక్షిస్తారు. వెనకున్న 40 మాత్రం 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. కాబట్టి వేడెక్కాక రెండూ ఒకే రకంగా కాపాడతాయి. తేడా అంతా ఉదయం సెల్ఫ్ కొట్టే ఆ కొద్ది సెకన్లలోనే. ఆ కొద్ది సెకన్లే మాకు కావాలి.

ఇంజన్ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఒక చుక్క రిఫ్రాక్టోమీటరు (ఎంత చలికి గడ్డకడుతుందో చూపే పనిముట్టు) అద్దం మీద వేసి చూస్తే మైనస్ 15 వరకే కాపాడుతుందని తేలింది. ఎవరో ఎప్పుడో నీళ్లు కలిపి టాపప్ చేసిన ఫలితం. మొత్తం దింపి, ఎథిలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశాం. ఆ పాళ్లలో మైనస్ 37 దాకా గడ్డకట్టదు. ఇక్కడ ఒక విషయం తెలియక చాలామంది దెబ్బతింటారు. నీళ్లు కలపకుండా గ్లైకాల్ ఒక్కటే పోస్తే ఇంకా బాగా కాపాడుతుందని అనుకుంటారు. నిజానికి శుద్ధ గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. పైగా నీళ్లలా వేడిని మోయలేదు. రెండూ కలిస్తేనే బలం.

బ్యాటరీ ఆరు సెల్సూ, లోపలి ఆమ్లం సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో చూశాం. అన్నీ 1.265కి అటూ ఇటూ, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. ఒక్క సెల్ మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. మాది బాగుంది, మార్చలేదు. బెల్టులు, హోసులు, వైపర్లు, బ్రేకులు మామూలు తనిఖీ. అక్కడ రాయదగ్గది ఏమీ లేదు.

తొలి చలి ఉదయం: సెల్ఫ్ నీరసం

కొండల మొదట్లోనే రాత్రి మైనస్ 6కి పడిపోయింది. ఉదయం తాళం తిప్పితే ఇంజను బరువుగా, మూలుగుతున్నట్టు తిరిగింది. చివరికి అందుకుంది కానీ ఇంకో పది డిగ్రీలు తగ్గితే అందుకోదని ఆ శబ్దంలోనే తెలిసిపోయింది.

"బ్యాటరీ పోయిందన్నా" అన్నాడు తమ్ముడు. చలిలో ఎవరైనా మొదట అనే మాట అదే. అందులో తప్పు లేదు కూడా. సీసం బ్యాటరీ లోపల జరిగేది రసాయన చర్య, చలికి అది మందగిస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఇచ్చే శక్తిలో సున్నా దగ్గర సుమారు అయిదింట నాలుగు వంతులే ఇస్తుంది. మైనస్ 18కి వెళ్లేసరికి సగానికి అటూ ఇటూ మిగులుతుంది. సరిగ్గా అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజను తిప్పడానికి ఇంకా ఎక్కువ శక్తి అడుగుతుంది. ఇచ్చేది తగ్గి, అడిగేది పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య పాత బండికి మిగిలే చోటు చాలా చిన్నది.

అయితే మీటరు వేరే మాట చెప్పింది. బండి ఆపి ఉంచినప్పుడు బ్యాటరీ మీద 12.6 వోల్టులు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ కొనల మధ్య 10.4. ఇది నీరసించిన బ్యాటరీ లెక్క కాదు. బ్యాటరీ ఇస్తోంది, దారిలో ఎక్కడో ఎవరో తినేస్తున్నారు.

అప్పుడు వోల్టేజి డ్రాప్ పరీక్ష మొదలుపెట్టాం. పాత బండి ఉన్నవాళ్లందరూ నేర్చుకోవాలని నేను గట్టిగా కోరుకునే పరీక్ష ఇది. మల్టీమీటరు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. తమ్ముడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. ఇంజను అందుకోకుండా ఇంజెక్షన్ పంపు మీదున్న స్టాప్ సోలినాయిడ్ (డీజిలుని వదిలే, ఆపే కరెంటు వాల్వు) వైరు పీకేశాం. మీటరు ఎర్ర కొన బ్యాటరీ ప్లస్ స్తంభం మీద పెట్టాను, అదీ క్లిప్పు మీద కాదు, సీసం మీదే. నల్ల కొన సెల్ఫ్ మోటారు మీద లావు కేబులు బిగించిన బోల్టు మీద పెట్టాను. "ఇప్పుడు కొట్టరా" అన్నాను. తిరిగిన రెండు సెకన్లలో 0.3 వోల్టులు చూపించింది. ప్లస్ వైపు సగం వోల్టు లోపల ఉంటే సరే. కాబట్టి ఆ కేబులు, దాని బిగింపులు బాగున్నట్టే.

తర్వాత మైనస్ వైపు. ఒక కొన బ్యాటరీ మైనస్ స్తంభం మీద, రెండోది సెల్ఫ్ మోటారు ఒంటి మీద. "కొట్టు." 1.2 వోల్టులు! ఇక్కడ 0.2కి మించకూడదు.

ఈ అంకె చిన్నదని అనిపించవచ్చు. డీజిల్ వ్యాను సెల్ఫ్ తిరిగేటప్పుడు 200 ఆంపియర్లు తక్కువలో తక్కువ తాగుతుంది. 1.2 వోల్టుని 200తో గుణిస్తే 240 వాట్లు. అంత శక్తి ఇంజన్ని తిప్పకుండా, ఎక్కడో తుప్పు పట్టిన ఒక్క జాయింటు దగ్గర వేడిగా మారి పోతోందన్నమాట. నిరోధం లెక్కలో చూస్తే అది 0.006 ఓములు. మీటరుని ఓముల మీద పెట్టి వెతికితే ఇది జన్మలో దొరకదు. ఎందుకంటే మీటరు వైర్ల నిరోధమే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కరెంటు పారుతున్నప్పుడు మాత్రమే ఈ లోపం బయటపడుతుంది. అందుకే "వైరింగ్ అంతా చెక్ చేశాను, బాగుంది" అన్నాక కూడా బండి స్టార్ట్ కాకపోవచ్చు.

కొనలు ఒక్కొక్క అడుగూ జరుపుతూ వెళ్లాం. బ్యాటరీ మైనస్ నుంచి చాసిస్ దాకా దాదాపు ఏమీ లేదు. చాసిస్ నుంచి గేర్‌బాక్సు దాకా ఉన్న అల్లిక ఎర్త్ పట్టీ దగ్గర మొత్తం డ్రాప్ అంతా ఉంది. బండి కిందికి దూరి చూస్తే పట్టీ పైకి బాగానే ఉంది. బోల్టు విప్పాక దాని కింద పెయింటు, పెయింటు కింద గోధుమ రంగు తుప్పు. పట్టీ అల్లికలో సగం తీగలు పచ్చగా పొడిలా రాలిపోయాయి.

రెండు వైపులా లోహం మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో గీకి, దగ్గర ఉంచుకున్న లావు ఎర్త్ కేబులు వేసి, స్టార్ వాషర్ పెట్టి బిగించి, మళ్లీ తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూశాం. గ్రీజు బిగించాకే పూయాలి, మధ్యలో కాదు. మళ్లీ కొలిస్తే 0.1. సోలినాయిడ్ వైరు తగిలించి తాళం తిప్పితే ఇంజను వేసవిలో తిరిగినంత చురుగ్గా తిరిగింది. తమ్ముడి ముఖంలో ఆ ఆశ్చర్యం చూడటం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. బ్యాటరీ అదే, సెల్ఫ్ అదే.

తెల్ల పొగ, హీటర్ ప్లగ్గులు

సెల్ఫ్ బాగా తిరగడం మొదలయ్యాక రెండో లోపం స్పష్టంగా కనబడింది. మైనస్ 10 ఉదయాన ఇంజను అందుకోగానే వణికిపోతూ, ఒక సిలిండరు పని చేయనట్టు తడబడుతూ, కళ్లు మండించే తెల్ల పొగ వదిలింది. ఒకటి రెండు నిమిషాల తర్వాత దానంతట అదే సర్దుకుంది.

పొగ రంగు డీజిల్ ఇంజను మాట్లాడే భాష. నలుపంటే డీజిలు ఎక్కువ, గాలి తక్కువ. నీలం అంటే ఆయిల్ మండుతోంది. చలిలో వచ్చే తెల్ల పొగ, పచ్చి డీజిలు వాసనతో వస్తే, మండకుండా ఆవిరై బయటికొస్తున్న డీజిలే. కూలెంట్ ఆవిరైతే వాసన తియ్యగా ఉంటుంది, రేడియేటర్లో మట్టం తగ్గుతుంది. మాది పచ్చి డీజిలు వాసన, మట్టం తగ్గలేదు. కాబట్టి హెడ్ గాస్కెట్ (ఇంజను పైభాగమైన హెడ్డు కింద, కూలెంట్ సిలిండర్లలోకి రాకుండా ఆపే పొర) పోయిందన్న భయం అక్కడే తీరింది.

డీజిల్ ఇంజన్లో స్పార్కు లేదు. గాలిని నొక్కి నొక్కి వేడెక్కించడమే నిప్పు. ఇలాంటి పాత ప్రీచాంబర్ ఇంజను (డీజిలు ముందుగా ఒక చిన్న గదిలో అంటుకునే రకం) గాలిని 20 నుంచి 23 రెట్లు నొక్కుతుంది. అంత నొక్కితే వేడి 500 డిగ్రీలు దాటాలి. కానీ ప్రీచాంబర్ గోడలు మంచులా చల్లగా ఉంటే, ఆ వేడిలో చాలా భాగం గోడలే పీల్చేసుకుంటాయి. ఆ లోటు పూడ్చడానికే హీటర్ ప్లగ్గు. కొత్త డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లు ఒక మోస్తరు చలిలో ప్లగ్గుల సాయం లేకుండానే అందుకుంటాయి. మా బండిలాంటివి ఊరుకోవు.

ప్లగ్గుల్ని కలిపే రాగి పట్టీ తీసి, టెస్ట్ ల్యాంపు ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కి తగిలించి, రెండో వైరు ఒక్కొక్క ప్లగ్గు కొనకి తాకించాం. మూడు చోట్ల వెలిగింది, మూడో సిలిండరు దగ్గర వెలగలేదు. మీటరుతో చూస్తే మిగతావి ఒక ఓముకి లోపు, మూడోది అనంతం. లోపలి తీగ తెగిపోయింది.

ప్లగ్గు విప్పే పని తొందరపడి చేసేది కాదు. ఏళ్ల తరబడి మసి పట్టిన ప్లగ్గు హెడ్డులో అతుక్కుపోయి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు బలంగా తిప్పితే మెడ దగ్గర విరుగుతుంది, కొన లోపలే ఉండిపోతుంది. ఆ తర్వాత హెడ్డు దింపాల్సిందే. అందుకే చొచ్చుకుపోయే నూనె ముందురోజు సాయంత్రమే వదిలాం. మర్నాడు ఇంజను బాగా వేడెక్కాక ఆపి, పొట్టి పిడి ఉన్న రాచెట్‌తో పావు చుట్టు విప్పి, మళ్లీ కొద్దిగా బిగించి, మళ్లీ విప్పి, అలా ఓపికగా తీశాం. వచ్చింది. మిగతా మూడూ అదే వయసువి కనుక నాలుగూ మార్చాం. బాగున్న భాగాన్ని తీయకూడదన్న నా నియమాన్ని ఇక్కడ కావాలనే పక్కన పెట్టాను. ఒకదాని వెనక ఒకటి పోయే స్వభావం వీటిది, మంచులో ఇంకోసారి ఈ పని పెట్టుకోలేం.

ఇంకొక మాట, చాలా ముఖ్యమైనది. స్టార్ట్ కాని బండికి గాలి గొట్టంలో ఈథర్ స్ప్రే కొట్టే అలవాటు కొందరికి ఉంది. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్లో అది ప్రాణాంతకం. ఎర్రగా కాలుతున్న ప్లగ్గు కొన ఈథర్‌ని వేళ కాని వేళ పేలుస్తుంది. పిస్టన్లు, రింగులు పగులుతాయి, గాలి గొట్టంలోంచి మంట ఎదురు తన్నవచ్చు. మా బండిలో ఆ డబ్బా ఎక్కించనివ్వలేదు.

ఎత్తు మీద ఆగిపోయిన బండి: డీజిల్లో మైనం

ఇక ఇంజను ఆరోగ్యంగా ఉందనుకున్నాక బండి అసలు ఆగిపోయింది. రాత్రి మైనస్ 14. ఉదయం ఒక్క తిప్పుకే అందుకుంది, పొగ లేదు, వణుకు లేదు. పది నిమిషాలు ఎక్కుడు దారిలో వెళ్లాక బలం మెల్లగా తగ్గుతూ వచ్చింది. గేరు తగ్గించినా లాగలేదు. యాక్సిలరేటరు వదిలితే కాసేపు నిలబడుతుంది, తొక్కితే చచ్చిపోతుంది. రోడ్డు పక్కన కాస్త వెడల్పు ఉన్న చోటికి తెచ్చి ఆపాం.

మొదట బాగా స్టార్టయి, తర్వాత ఊపిరాడనట్టు ఆగడమే ఇక్కడ ఆనవాలు. కరెంటు లోపమైతే ఇలా ఉండదు. ఫిల్టరు గిన్నె కిందున్న డ్రెయిన్ స్క్రూ విప్పి గాజు సీసాలోకి కొంచెం దింపితే డీజిలు మబ్బుగా, పల్చని గంజిలా ఉంది.

డీజిల్లో సహజంగానే పారఫిన్ మైనం కరిగి ఉంటుంది. చల్లబడుతున్న కొద్దీ ఒక దశలో ఆ మైనం చిన్న చిన్న స్ఫటికాలై డీజిలు మసకబారుతుంది. దాన్ని క్లౌడ్ పాయింట్ అంటారు. ఇంకా చల్లబడితే ఆ స్ఫటికాలు పెరిగి ఫిల్టరు కాగితాన్ని మూసేస్తాయి. ఆ హద్దుకి సీఎఫ్‌పీపీ అని పేరు. ట్యాంకులో డీజిలు ఇంకా ద్రవంగానే ఉంటుంది, పైపుల్లో పారుతుంది, ఫిల్టరు దగ్గర మాత్రం దాటలేదు. రాత్రంతా ఫిల్టరు అవతల నిలవున్న డీజిలుతో ఇంజను స్టార్టవుతుంది. కొత్తగా వచ్చే మైనం కాగితం మీద పొరగా పేరుకున్నాక ఆగిపోతుంది. మా పది నిమిషాల లెక్క అదే.

చలి ప్రాంతాల్లో కాలాన్ని బట్టి డీజిలు మారుస్తారు. యూరప్ వాళ్ల ఈఎన్ 590 ప్రమాణంలో సీఎఫ్‌పీపీ తరగతులు ప్లస్ 5 నుంచి మైనస్ 20 దాకా ఒక వరసలో ఉంటాయి. అతిశీతల ప్రాంతాల తరగతులు మైనస్ 44 దాకా వెళ్తాయి. ప్రయాణికుడికి చిక్కు ఎక్కడంటే, కింద వెచ్చని మైదానంలో ట్యాంకు నిండా పోయించుకున్న డీజిలు ఆ వాతావరణానికి సరిపడేది. దాంతోనే ఎత్తు మీదకి వెళ్లి రాత్రి నిలిపితే ఇలా అవుతుంది. చలి మొదలయ్యే ముందు ట్యాంకు సగానికి దించుకుని, పైన అమ్మే చలికాలపు డీజిలుతో నింపుకోవడమే మంచి దారి. మేం ఆ బంకుకి చేరే దారిలోనే ఉన్నాం, చలి మాకన్నా ముందొచ్చింది.

స్టవ్ మీద నీళ్లు కాచి, ఫిల్టరు గిన్నెకి గుడ్డ చుట్టి, ఆ గుడ్డ మీద మెల్లగా పోస్తూ వచ్చాం. ట్యాంకు కింద గానీ పైపుల దగ్గర గానీ మంట పెట్టే పని ఎవ్వరూ ఎప్పుడూ చేయకూడదు. వేడినీళ్లే చాలు. గిన్నె చేతికి వెచ్చగా తగిలాక, పెట్టెలో ఉన్న కొత్త ఫిల్టరు బిగించాం. అది బిగించేముందు లోపల శుభ్రమైన డీజిలు నింపి, అందులో యాంటీజెల్ మందు కలిపాం. మందు స్ఫటికాలు పెరగకుండా ఆపుతుందే తప్ప, గడ్డకట్టిన మైనాన్ని తిరిగి కరిగించదు. అందుకని డీజిలు వెచ్చగా ఉన్నప్పుడే కలపాలి. ట్యాంకులోకి పోసే మందు మాత్రం బండి కదిలి, డీజిలు కాస్త వెచ్చబడ్డాకే పోశాం.

ఫిల్టరు మార్చితే లైన్లో గాలి పడుతుంది. ఫిల్టరు తల మీదున్న హ్యాండ్ పంపు నొక్కుతూ, బ్లీడింగ్ స్క్రూ దగ్గర బుడగలు ఆగిపోయేదాకా గాలి తీశాం. పంపు గట్టిపడింది. రెండో తిప్పుకి ఇంజను అందుకుంది.

పాతకాలం డ్రైవర్లు డీజిల్లో కిరోసిన్ కలిపేవారు. అది మైనాన్ని పల్చబరుస్తుందన్న మాట నిజమే. కానీ ఇంజెక్షన్ పంపు లోపలి భాగాలకు కందెన డీజిలే. కిరోసిన్‌కి ఆ జిడ్డు లేదు. మా పంపు వయసు చూసి నేను ఒప్పుకోలేదు.

దిగువ వైపు: హీటరు రావడం లేదు

ఆ పైన రెండు మూడు చిన్న సంగతులు గబగబా. టైర్లలో గాలి ఒక్కో 5, 6 డిగ్రీల చలికి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. వెచ్చని చోట సరిచేసుకున్న గాలి పైన చాలదు, మళ్లీ చూసుకోవాలి. తడి రోడ్డు మీద వచ్చి రాత్రికి హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తే లైనర్లు డ్రమ్ముకి గడ్డకట్టి అంటుకుంటాయి. గేర్లో పెట్టి, చక్రాల కింద దిమ్మలు వేసి వదిలేశాం. మంచులో చక్రాలకు వేసే చైన్లు బిగించడం ఇంటి దగ్గర పొడి నేల మీదే నేర్చుకుని రావడం ఎంతో మేలు చేసింది.

హీటరు సంగతి వేరు. బ్లోయర్ తిరుగుతోంది, వచ్చేది గోరువెచ్చని గాలే. అద్దం లోపల మా ఊపిరి ఆవిరి మంచుగా పేరుకుంటోంది, తమ్ముడు గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. వేడి ముల్లు ఎంతకీ పైకి లేవడం లేదు. ఇది సౌకర్యం సంగతి మాత్రమే కాదు. ఎదురు దారి కనపడకపోవడం ప్రమాదం. చల్లగా తిరిగే ఇంజను డీజిలు ఎక్కువ తాగుతుంది. మండని డీజిలు సిలిండరు గోడల వెంట దిగి ఆయిల్లో కలుస్తుంది.

చల్లని ఇంజను స్టార్ట్ చేసి రేడియేటరు పై హోసు పట్టుకుని చూశాను. థర్మోస్టాట్ అంటే ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటరులోకి వదలని వాల్వు. అది మంచిదైతే అప్పటిదాకా ఆ హోసు చల్లగానే ఉండాలి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మాది మొదటి నిమిషాల నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతూ వచ్చింది. వాల్వు తెరుచుకునే ఉండిపోయింది. వేసవిలో ఈ లోపం ఎవరికీ తెలియదు, ముల్లు మధ్యలోనే నిలబడి ఉంటుంది.

కొత్త వాల్వు దొరికేదాకా రేడియేటరు ముందు కింది సగానికి అట్టముక్క అడ్డంగా కట్టాం. ముల్లు మీద కన్నేసి ఉంచాం. మొత్తం మూసేస్తే ఎక్కుడు దారిలో ఇంజను ఉడికిపోతుంది, సగమే మూయాలి. తర్వాతి పెద్ద ఊళ్లో వాల్వు దొరికింది. బిగించేముందు దాన్ని గిన్నెడు నీళ్లలో థర్మామీటరుతో పాటు వేలాడదీసి మరిగించాం. దాని మీద 88 అని అచ్చువేసి ఉంది, 87 దగ్గర నోరు తెరవడం మొదలుపెట్టింది. పాత వాల్వు చల్లటి నీళ్లలోనే వెలితిగా తెరుచుకుని ఉంది. కూలెంట్ నింపేటప్పుడు హీటరు ట్యాపు పూర్తిగా తెరిచి, బండి ముందు చక్రాలు ఎత్తు మీద ఉంచి గాలి తీశాం. లేకపోతే గాలి బుడగ హీటరు కోర్ దగ్గర చిక్కుకుని కొత్త వాల్వు వేసినా వేడి రాదు. ఆ సాయంత్రం అద్దం దానంతట అదే ఆరింది.

ప్రయాణం ఆపిన లోపం

ఇంతవరకు రాసినవన్నీ బండిని ఆపిన, లేదా ఇబ్బంది పెట్టిన లోపాలు. ఇది బండిని ఆపనే లేదు. అయినా ఒక్క అడుగు కూడా ముందుకెయ్యలేదు మేం.

థర్మోస్టాట్ మారుస్తున్నప్పుడు ఎగ్జాస్ట్ మానిఫోల్డుకీ (ఇంజను పొగను పోగుచేసే గొట్టం) కింది గొట్టానికీ మధ్యనున్న ఫ్లాంజి, అంటే బోల్టులతో బిగించే అతుకు, పక్కన నల్లటి మసి గీత కనిపించింది. చల్లని ఇంజను స్టార్ట్ చేసి చెవి పెడితే "టిక్ టిక్ టిక్" అని వినిపించి, వేడెక్కాక ఆగిపోయింది. లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుందన్నమాట. గాస్కెట్ కాలిపోయింది, రెండు బోల్టుల్లో ఒకటి సాగిపోయింది.

ఆ ఫ్లాంజికి అడుగు దూరంలోనే హీటరుకి గాలి లాగే కిటికీ ఉంది. బయటికి పోవాల్సిన పొగ లోపలికి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత అని మొదలై, చలికి అలసట అనుకుంటూనే మనిషి లేవకుండా పోతాడు. పెట్రోలు కన్నా డీజిల్ పొగలో అది తక్కువే. అయినా మూసిన వ్యానులో, అద్దాలెత్తుకుని గంటల తరబడి కూర్చునేవాళ్లకి ఆ తేడా నమ్ముకోదగ్గది కాదు.

పడుకునే బల్ల పక్కన బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం మొదటి రాత్రి నుంచీ ఉంది. అది ఎప్పుడూ మోగలేదు. అయినా "అన్నా, అలారం మోగలేదు కదా, దిగాక చూద్దాం" అన్న తమ్ముడి మాట వినలేదు. గాస్కెట్ తెప్పించుకునేదాకా బండి అక్కడే ఉంచేశాం, గదిలో పడుకున్నాం. సాగిన బోల్టు తీసి, రెండూ కొత్తవి వేసి, ఫ్లాంజి ముఖం మీద పాత గాస్కెట్ ముక్కలు గీకి, కొత్తది బిగించి, ఒకసారి వేడెక్కించి చల్లార్చి మళ్లీ బిగింపు చూశాం. స్టార్ట్ చేసి సబ్బునీళ్లు చల్లి బుడగలు రాలేదని చూసుకున్నాకే కదిలాం. అన్నిటికన్నా ఎక్కువ సమయం ఈ పనికే పోయింది, దాని గురించి నాకు కొంచెం కూడా చింత లేదు.

వ్యానులో పడుకునేవాళ్లకి రెండు మాటలు. ఇంజను ఆన్‌లో ఉంచి పడుకోవద్దు. మంచు కురుస్తుంటే సైలెన్సరు కొస చుట్టూ పేరుకుని, పొగ బండి కింద నుంచి లోపలికి తిరుగుతుంది. వంట స్టవ్‌ని గది వెచ్చబెట్టడానికి వాడవద్దు. వెచ్చని స్లీపింగ్ బ్యాగు, కాస్త తెరిచిన కిటికీ, ఇవే సరి.

తిరుగు ప్రయాణం: డైనమో

చివరి ఎత్తు దిగుతున్నప్పుడు తడి ఉదయాల్లో బెల్టు కీచుమనడం మొదలైంది. హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపర్లు అన్నీ వేసి, ఇంజను కాస్త రేజ్ చేసి కొలిస్తే బ్యాటరీ మీద 13.1 వోల్టులు. ఆ లోడుతో కూడా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. చలికాలపు ప్రయాణంలో కరెంటు ఖర్చు ఎక్కువ, తిరుగుదారి నెమ్మది. డైనమో కొద్దిగా తగ్గినా రోజురోజుకీ బ్యాటరీ దిగిపోతూ వస్తుంది.

దిగిపోయిన బ్యాటరీకి ఇంకో గండం ఉంది. పూర్తి చార్జ్ ఉన్న సీసం బ్యాటరీలోని ఆమ్లం సుమారు మైనస్ 60 దాకా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయిన దానిలో మిగిలేది దాదాపు నీళ్లే కనుక మైనస్ 10 చేరకముందే గడ్డకట్టి పెట్టెను పగలగొడుతుంది. గడ్డకట్టిన బ్యాటరీకి ఇంకో బండి నుంచి జంప్ కేబుళ్లు తగిలించకూడదు, పేలవచ్చు.

బెల్టు లోపలి వైపు అద్దంలా నునుపెక్కి ఉంది. స్పేరుది వేసి, మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు లోపు కదిలేలా బిగించాం. కీచు పోయింది, వోల్టేజి 13.4కి వచ్చింది, సరిపోలేదు. డైనమో వెనక, వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ తీస్తే కార్బన్ బ్రష్షులు రెండూ అరిగి కొసకి వచ్చేశాయి. ఈ పాత రకం డైనమోలో బ్రష్షులు రెగ్యులేటర్‌తో కలిసే వస్తాయి, రెండు స్క్రూల పని. డైనమో దింపే పనే లేదు. వేసి కొలిస్తే 14.2. "మొత్తం డైనమో మార్చేయాలేమో అనుకున్నానన్నా" అన్నాడు తమ్ముడు, పాత బ్రష్షులు అరచేతిలో పెట్టుకుని చూస్తూ. అతను ఈ ప్రయాణంలో మీటరు పట్టడం నేర్చుకున్నాడు. ఈసారి కొలత తీసింది అతనే.

ఇప్పుడు మిగిలిన పనులు

బండి తిరిగొచ్చింది. మంచు దారుల్లో చల్లే ఉప్పు చాసిస్ మూలల్లో పేరుకుని ఉంది. తడి ఉప్పు ఇనుముని చాలా వేగంగా తినేస్తుంది కనుక వేరే ఏ పనీ మొదలుపెట్టకముందే కిందినుంచి నీళ్లతో కడగాలి. స్ప్రింగుల దగ్గర, చక్రాల గూళ్లలో, ఇంధన పైపుల బిగింపుల వెనక తప్పనిసరిగా. ఆరాక అడుగు భాగానికి మైనపు పూత.

హ్యాండ్‌బ్రేకు కేబులు బిగుసుకుని వస్తోంది, దాని తొడుగులో నీళ్లు చేరి ఉంటాయి. తీసి చూడాలి. పై ఎత్తుల్లో ఇంజను ఆయిల్ మట్టం కొద్దిగా పెరిగినట్టు కర్ర మీద కనిపించింది. థర్మోస్టాట్ పాడైనన్నాళ్లూ డీజిలు ఆయిల్లో కలిసిందని నా అనుమానం. గడువు చూడకుండా ఆయిల్, ఫిల్టరు మార్చేస్తున్నాం. ఎర్త్ కేబులు డ్రాప్ మళ్లీ ఒకసారి కొలవాలి. 0.1 దాటితే గేర్‌బాక్సు నుంచి బ్యాటరీకి నేరుగా ఇంకో కేబులు లాగుతాను. సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాజిళ్లు పరీక్షకి ఇవ్వాలి. మూడో సిలిండరు వేడి మీద కూడా మిగతావాటికన్నా కొంచెం గట్టిగా కొడుతోంది, అది ప్లగ్గు వల్ల మాత్రమే కాదని నాకనిపిస్తోంది. ముందు ఆ నాజిలు, దాని పక్కదాంతో తారుమారు చేసి శబ్దం వెంట వెళ్తుందో లేదో వింటాం. తర్వాతి ఎంట్రీ దాని మీదే.